నూటెనిమిది మావ

మా ఊళ్ళో నా అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. చిన్నా పెద్దా అందరికీ నేను నూటెనిమిది మావని. ఇప్పుడైతే ఎవరు అలా పిలిచినా పలుకుతున్నాను గానీ, మొదట్లో ఆ మాట వింటే ఒళ్ళు మండిపోయేది. పేరు పెట్టింది బయటివాళ్ళయితే వాళ్ళ సంగతేదో చూసుకునేవాణ్ణి. పెట్టింది నా పెళ్ళాం. ఏం చెయ్యను?

అది పనసల కాలం. మా తోటలో కొబ్బరి, జీడిమామిడి మధ్యలో ఒక పనసచెట్టు ఉంది. ఆ ఏడు దాని కాయలు తేనెలా ఉన్నాయి. పొద్దున్నే ఒక కాయ కోసుకుని, ఒంటికి నూనె పట్టించి కూర్చుని, సగం కాయ ఒక్కణ్ణే లాగించేశాను. పదకొండు దాటేసరికి గుండె మీద ఎవరో రుబ్బురోలు పెట్టినట్టయింది. చెమటలు పట్టేశాయి. ఇంకేముంది, అయిపోయింది నా పని అనుకుని నూటెనిమిదికి ఫోన్ కొట్టించాను. అంబులెన్సు సైరన్ మోగించుకుంటూ మా వీధిలోకి వచ్చింది. ఊరంతా బయటికొచ్చి నిలబడింది. నన్ను ఎక్కించారు, మా ఆవిడ పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని టెక్కలి దాకా ఏడుస్తూనే ఉంది.

పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో ఛాతీకి వైర్లు అతికించి చూశారు. రక్తం తీశారు. చివరికి డాక్టరు కుర్రాడు నెమ్మదిగా, "ఏం తిన్నారు పెద్దాయనా?" అని అడిగాడు. చెప్పాను. అతను నవ్వలేదు పాపం. పక్కనున్న నర్సమ్మ మాత్రం మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదలడం నాకు కనిపించింది. గుండె రాయిలా ఉందనీ, అది ఉత్త గ్యాస్ అనీ చెప్పి, ఒక మందు తాగించి ఇంటికి పొమ్మన్నారు.

తీసుకొచ్చిన నూటెనిమిది మళ్ళీ దింపదు కదా. లుంగీ మీద ఉన్నవాణ్ణి అలాగే ఆర్టీసీ బస్సెక్కాను. అప్పటిదాకా ఏడ్చిన మనిషి, బస్సు కదిలేసరికి కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్ళీ ఏడుస్తోందేమోనని చూస్తే, నవ్వు! కళ్ళల్లోంచి నీళ్ళు కారేలా నవ్వుతోంది. "పనసతొనలకి నూటెనిమిదెక్కినావు బావా!" అంటుంది, మళ్ళీ మొదలెడుతుంది. ఊళ్ళో దిగీ దిగగానే ఎదురొచ్చిన ఆడవాళ్ళతో, "పెళ్ళికొడుకు ఊరేగొచ్చినాడర్రా, హారతట్టుకు రండి" అంది. అంతే, మర్నాటికి నేను నూటెనిమిది మావనైపోయాను.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మళ్ళీ జన్మలో ఆ ఆసుపత్రి గేటు తొక్కనని ఒట్టేసుకున్నాను. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే, "మావకి పనస ఒడ్డించకండర్రా, పెట్రోలు దండగ" అనేవారు. అందుకని వెళ్ళడం మానేశాను. మా ఆవిడ ఒకటి రెండుసార్లు బతిమాలి ఊరుకుంది. ఆవిడకి నవ్వులాటే, నాకు తల కొట్టేసినట్టుండేది.

మా వైపు మనుషుల్ని రక్తంలో క్రియాటినిన్ ఎంత అని అడగడం, పిల్లలెందరని అడిగినట్టే. ఎవరింట్లోనో ఒకరికి కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. ఆ మరుసటేడు ఊళ్ళో రక్త పరీక్షలు చేస్తే మా ఆవిడకీ క్రియాటినిన్ ఎక్కువే ఉందన్నారు. పలాసలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మంచివాడు. ఇంకా డయాలసిస్ దాకా రాలేదని, జాగ్రత్తగా ఉంటే చాలాకాలం రాదని ధైర్యం చెప్పాడు. నొప్పి బిళ్ళలు మింగొద్దన్నాడు, ఉప్పు తగ్గించమన్నాడు, ఏం తినకూడదో తాగకూడదో తెలుగులో అచ్చేసిన కాగితం ఒకటి ఇచ్చాడు. చదువుకుంటూ వస్తే రెండో వరసలోనే ఉంది: కొబ్బరి నీళ్ళు.

"అయ్యా, మాది ఉద్దానం" అన్నాను, మా కొబ్బరితోటల సంగతి ఆయనకి తెలీదన్నట్టు.

ఆయన విసుక్కోకుండా చెప్పాడు. ఆ నీళ్ళలో పొటాషియం అనే ఉప్పు ఉంటుందట. బాగున్న కిడ్నీ దాన్ని బయటికి తోసేస్తుంది. దెబ్బతిన్న కిడ్నీ తొయ్యలేదు. అది రక్తంలో పేరుకుపోతే ముందు కండలు సడలిపోతాయి, తర్వాత గుండె ఆగిపోతుంది. నేను తలూపాను గానీ లోపల నమ్మలేదు. మా తాత నాటిన చెట్లవి. జబ్బు మనిషికి బొండాం కొట్టివ్వడం, చుట్టం వస్తే బొండాం కొట్టివ్వడం, అదే మా మర్యాద. అది విషమంటే ఎలా నమ్ముతాను?

ఇంకొక సంగతి కూడా ఉంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్న తోటకి వెళ్ళొచ్చి మా ఆవిడకి ఒక బొండాం కొట్టిచ్చేవాణ్ణి. నిన్ను ప్రేమిస్తున్నాను లాంటి మాటలు నాకు రావు. నోరు తెరిస్తే తిట్లే వస్తాయి. రాత్రి ఎంత పోట్లాడుకున్నా పొద్దున్న ఆ బొండాం అందిస్తే, ఆవిడ తీసుకుంటే, పోట్లాట అయిపోయినట్టే. కాగితం వచ్చాక అది ఆగిపోయింది. పొద్దున్నే చేతులు ఊరికే ఉన్నట్టుండేది నాకు.

పోయిన వేసవిలో, జీడిపిక్కలు ఏరుతున్న రోజుల్లో, ఎక్కడో చుట్టాలింట్లో తిన్న భోజనం పడక మా ఆవిడకి తెల్లవారుజాము నుంచీ వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. పదింటికల్లా మనిషి వడిలిపోయింది. నోరు పిడచకట్టుకుపోతోంది, పెదాలు తడుపుకుంటోంది. కాచి చల్లార్చిన నీళ్ళిస్తే కక్కేస్తోంది. నేను పెరట్లోకి చూశాను. ముందురోజు దింపిన గెల అక్కడే ఉంది.

"ఒంట్లో నీళ్ళన్నీ పోనాయి కదే. ఒక్కటి కొట్టనా?" అన్నాను.

"కాయితంలో ఒద్దని రాసినారు కదా బావా."

"కాయితం రాసినాయనకి విరేచనాలు కాలేదులే" అన్నాను.

కత్తి తీసుకుని కొట్టాను. ఆవిడ రెండు చేతులతో పట్టుకుని గటగటా తాగింది. అది కడుపులో నిలిచింది, కక్కలేదు. "అమ్మయ్య, పానం లేసొచ్చినాది" అంది. నిజం చెప్పొద్దూ, నా ప్రాణం కూడా లేచొచ్చింది. ఇంకొకటి కొట్టాను. మధ్యాహ్నం లోపల మూడోది కూడా కొట్టిచ్చాను. ఏడాది తర్వాత ఆవిడ నా చేతి బొండాం తాగుతుంటే, చూస్తూ కూర్చున్నాను, సంతోషంగా.

రెండు గంటలప్పుడు పెరట్లోకి వెళ్దామని లేచింది. కాళ్ళు మడతపడిపోయాయి. తల తిరగలేదు, కళ్ళు బాగానే తెరుచుకుని ఉన్నాయి. కిందన కూలబడి నన్ను చూస్తూ, "కాళ్ళు నా మాట ఇనట్లేదు బావా" అంది, ఎవరి కాళ్ళ గురించో చెబుతున్నట్టు.

ఎత్తి మంచం మీద వేసి, వీధి చివరున్న ఆరెంపీ డాక్టర్ని పిలుచుకొచ్చాను. చిన్నవాడు, నన్ను మావా అనే పిలుస్తాడు. జ్వరాలకీ దెబ్బలకీ ఊరంతటికీ అతనే దిక్కు. నేను అనుకున్నదేమిటంటే, ఒక సెలైన్ బాటిల్ ఎక్కిస్తాడు, సాయంత్రానికి లేచి కూర్చుంటుందని. అతను చెయ్యి పట్టుకుని చూసి వెంటనే వదిలేశాడు.

"మావా, ఈమె కిడ్నీ మనిషి. నాను బాటిలెట్టను, సూది ముట్టుకోను. పెద్దాసుపత్రికి తీస్కెల్లిపో. నూటెనిమిదికి కొట్టు, బేగి" అన్నాడు.

ఫోన్ తీశాను. ఒకటి నొక్కాను, సున్నా నొక్కాను. అక్కడ నా వేలు ఆగిపోయింది. ఆ సైరన్, వీధిలో నిలబడ్డ జనం, ఆ గేటు, మొహం తిప్పుకున్న ఆ నర్సమ్మ, అన్నీ కళ్ళ ముందు కనిపించాయి. వాంతులూ విరేచనాలకి నూటెనిమిదా, ఈసారి మామిడిపళ్ళేటి మావా అంటారు. మా ఆవిడ కూడా మంచం మీంచి, "నూటెనిమిది ఒద్దులే బావా. ఆటో సాలు" అంది. అంతకంటే నాకేం కావాలి? ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను.

ఆటోలో టెక్కలే వెళ్ళాం. బస్టాండు దగ్గర ఒక చిన్న క్లినిక్ ఉంది. ఆ డాక్టరుది హస్తవాసి మంచిదని పేరు. జ్వరమొచ్చినా దగ్గొచ్చినా మేం అక్కడికే వెళ్తాం. ఆటో డ్రైవర్ నేనూ కలిసి ఆవిణ్ణి చెరో రెక్కా పట్టుకుని దింపి, హాల్లో బల్ల మీద కూర్చోబెట్టాం. టోకెన్ పదిహేడు ఇచ్చారు. డాక్టరు అప్పుడే వచ్చి రెండోవాణ్ణి చూస్తున్నాడు. నేను గోడ గడియారం కింద నిలబడ్డాను. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. జనం ఇరవై మంది దాకా ఉన్నారు, అందులో మా వైపు మనుషులు నలుగురైదుగురు.

ఆవిడ నా నడుముకి తల ఆనించుకుంది. మొదట్లో ఏదో మాట్లాడుతూనే ఉంది. కోళ్ళకి నూకలు వేశావా అని అడిగింది. కాసేపటికి మాట నెమ్మదించింది. చెయ్యి ఎత్తి కొంగు సర్దుకోబోయి, ఎత్తలేక ఒళ్ళోనే ఉంచేసుకుంది. ఆరో టోకెన్ పిలిచారు. నేను కౌంటరు దగ్గరికి వెళ్ళి, "బాబూ, ఈమె కూకోలేకపోతంది, కొంచెం ముందు పంపండి" అన్నాను. అందరికీ ఒంట్లో బాగోకే వచ్చారండీ అన్నాడు కౌంటరులో ఆయన. మామూలుగా అయితే అక్కడే వాణ్ణి దులిపేద్దును. ఆ రోజు వెనక్కొచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాను. తప్పు చేసినవాడికి కోపం కూడా సరిగ్గా రాదు.

ఏడో టోకెన్ లోపలుండగా బీపీ చూసే సిస్టరు వరసలో ఒక్కొక్కరి దగ్గరికీ వస్తూ మా దగ్గరికొచ్చింది. నడివయసు మనిషి. మా ఆవిడ మణికట్టు పట్టుకుని, తన చేతి గడియారం చూసుకుంటూ చాలాసేపు అలాగే ఉండిపోయింది. మరోసారి పట్టుకుంది.

"పొద్దున్నించీ ఏటేటి తాగిందీ?" అని నన్నడిగింది.

నేను నోరు తెరిచేలోపల మా ఆవిడే చెప్పింది. "ఏటీ తాగలేదమ్మా. కాసిన నీల్లే."

నేను కిందకి చూశాను. ఆవిడ పైకి, నా మొహంలోకి చూస్తోంది. ఊరుకో అన్నట్టు చూసింది. నేను ఊరుకున్నాను. సిస్టరు కాగితం మీద ఏదో రాసుకుని, వరసొచ్చాక పిలుస్తాం అని పక్క మనిషి దగ్గరికి కదిలింది.

సిస్టరు రెండడుగులు వేసుంటుంది. ఆ రెండడుగుల సేపు నేను బొమ్మలా నిలబడ్డాను. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అప్పుడు మా ఆవిడ తల నా నడుం మీంచి జారింది. నిద్రపోతున్న పిల్ల తల జారినట్టు జారింది. పట్టుకున్నాను. గుండె ఆగిపోతుందన్న పలాస డాక్టరు మాట అప్పటికి నా బుర్రకెక్కింది.

"అమ్మా, అబద్దం!" అని అరిచాను. హాలంతా ఇటు తిరిగింది. "బొండాలు తాగింది. మూడు. నానే కొట్టిచ్చినాను. కిడ్నీ మనిసి, తాగొద్దని కాయితం మీద రాసిచ్చినారు. అయినా నానే తాగించినాను!"

ఎవరూ నవ్వలేదు. సిస్టరు రాస్తున్న కాగితం అక్కడే పడేసి డాక్టరు గదిలోకి పరిగెత్తింది. ఆయన బయటికొచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని, కాలు ఎత్తమన్నాడు. ఎత్తలేకపోయింది. నూటెనిమిదికి తనే ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. నా వైపు తిరిగి మామూలుగానే ఒక మాట చెప్పాడు. "పెద్దాయనా, జ్వరం, దగ్గు, వాంతులు, అన్నిటికీ నా దగ్గరికి రండి. కానీ పొద్దున నడిచిన మనిషి మధ్యాహ్నానికి నడవలేకపోతే, అది టోకెన్ తీసుకుని కూర్చునే జబ్బు కాదు. తిన్నగా ఎమర్జెన్సీకి వెళ్ళిపోవాలి." ఆ ఎమర్జెన్సీ అక్కడికి ఐదు నిమిషాల దూరం. గంట నుంచీ నేను దాన్ని పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

నూటెనిమిది వచ్చింది. ఇంత దగ్గరే కదా, సైరన్ వెయ్యకుండా వెళ్తాడేమో అనుకుని, "సైరనెయ్యి బాబూ, గట్టిగా ఎయ్యి" అన్నాను.

అదే గేటు, అదే గది. మళ్ళీ వైర్లు అతికించారు, ఈసారి ఆవిడ ఛాతీకి. బొండాల సంగతి గుమ్మంలోనే అరిచి చెప్పాను. గీతలు గీసిన కాగితం చూడగానే చేతికి సూది ఎక్కించారు. షుగరు లేని మనిషికి షుగరు సూది వేశారు, వెంట గ్లూకోజు ఎక్కించారు. ఆయాసం లేని మనిషి మూతికి ఆవిరి మాస్కు పెట్టారు. అవన్నీ ఒంట్లో పొటాషియాన్ని కాసేపు అణచి ఉంచడానికేనని తర్వాత చెప్పారు. రక్తం రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా మందివ్వగలిగాం, మీరు ఏం తాగించారో చెప్పారు కాబట్టి అన్నాడు డాక్టరు. సాయంత్రం డయాలసిస్ గదిలోకి తీసుకెళ్ళారు.

నేను వరండాలో కూర్చున్నాను. అప్పుడొచ్చింది, మొహం తిప్పుకుని నవ్విన ఆ నర్సమ్మ. ఆవిడే. నేను చూడగానే గుర్తుపట్టాను. ఎదురుగా నిలబడి, "మీరేనా ఆ కిడ్నీ అమ్మ తాలూకు? భయపడకండి, గుండె బాగా కొట్టుకుంటోంది. టీ తాగి రండి" అంది. నన్ను గుర్తుపట్టలేదు. రోజుకి ఎంతమందిని చూస్తుందో. అన్నాళ్ళూ నేను ఆవిడ నవ్వుని మోసుకు తిరిగాను, ఆవిడకి నా మొహం కూడా గుర్తులేదు. దానికోసమా ఆ ఫోన్ జేబులో పెట్టుకున్నాను! టీ బల్ల దగ్గరికి వెళ్ళాను గానీ తాగలేకపోయాను. గ్లాసు పట్టుకుని ఏడ్చాను. చూసినవాళ్ళు చూశారు.

మర్నాడు పొద్దున్న ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చుంది. కాళ్ళు కదుపుతోంది. ఇడ్లీలు తెచ్చాను, కొబ్బరి చట్నీ వద్దని హోటలువాడికి నాలుగుసార్లు చెప్పి మరీ తెచ్చాను. రెండు ముక్కలు తిని, "సప్పగా ఉన్నాయి" అంది. ఆ విసుగు వింటే నాకు ఎంత హాయిగా ఉందో.

అప్పుడు అడిగాను. "ఎందుకే అబద్దమాడినావు? ఏటీ తాగలేదని సెప్పినావు. నా తలకాయ కోసమేటి?"

ఆవిడ కిటికీ వైపు చూసింది. "అంతమందిలో ఆల్లు నిన్ను తిడతారనీసి. మనోల్లు కూడా ఉన్నారు కదా అక్కడ. మల్లీ ఊరంతా నవ్వుతాది. ఆ పనసతొనల మాట నాను సరదాకన్నాను బావా. ఆ తర్వాత నువ్వు ఎవులింటికీ బువ్వకెల్లనేదు. నాకు తెల్దనుకున్నావేటి? ఒకసారి నవ్వించిన పాపం సాలదా నాకు?"

నన్ను చూసి ఎవరూ నవ్వకూడదని ఆవిడ ఆ బల్ల మీద ప్రాణం పోతున్నా నోరు కట్టేసుకుంది. నన్ను చూసి ఎవరూ నవ్వకూడదనే నేను ఆవిణ్ణి ఆ బల్ల మీద కూర్చోబెట్టాను. మా ఇద్దరికీ తోచింది ఒక్కటే, ఎంత సిగ్గుమాలిన పని!

"సైరనేసినారా?" అని అడిగింది.

"ఏసినారు. నానే ఎయ్యమన్నాను."

"అయితే ఈపాటికి ఊల్లో తెలిసిపోయుంటాది. మూడు బొండాలకి నూటెనిమిదెక్కించినాడని నవ్వుతారు బావా నిన్ను."

ఇంకో ఇడ్లీ ముక్క తుంచి ఆవిడ చేతిలో పెట్టాను. "నవ్వనీయే" అన్నాను. "ఇనడానికి నువ్వున్నావు కదా."